మా అక్క మూడో వరుసలో కూర్చుంది: బెంగళూరు తెలుగు నాటక సమాజాలకు ఒక బహిరంగ లేఖ

బెంగళూరులోని తెలుగు నాటక సమాజాల పెద్దలకు, ఉగాది నాటికల పోటీలు నడిపే నిర్వాహకులకు, రచయితలకు, పాటలు కట్టేవారికి,

నమస్కారం.

నేను మీ ప్రేక్షకురాలిని. మాది హిందూపురం. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. తెలుగు నాటకం ఉందని తెలిస్తే రెండు బస్సులు మారైనా వస్తాను. మీలో కొందరికి నా మొహం గుర్తుండే ఉంటుంది. అయినా పేరు రాయడం లేదు. ఇది మా అక్క సంగతి. రాయడానికి ఒప్పుకుంది గానీ పేరు మాత్రం వద్దంది.

పోయిన ఉగాదికి జరిగింది ముందు చెబుతాను. అక్క వారం ముందు నుంచే అడగడం మొదలుపెట్టింది, నాటికలు ఎన్ని గంటలకు, హార్మోనియం ఉంటుందా, లేక అన్నీ రికార్డు పాటలేనా అని. మామిడిపండు రంగు చీర ఇస్త్రీ చేయించుకుంది. అప్పటికి పదకొండు నెలలుగా తన ఆరోగ్యం కుదురుగా ఉంది. ముందే వెళ్లి మూడో వరుసలో, నడిచే దారి పక్కన కూర్చున్నాం.

మొదటిది పాటలతో సాగే హాస్య నాటిక. పెళ్లిచూపుల ఇల్లు. పెళ్లికూతురి అక్కకు పిచ్చి. అందుకని ఆమెను గదిలో పెట్టి బయట గొళ్లెం వేస్తారు. మగపెళ్లివారు కాఫీ తాగుతుండగా ఆమె తలుపు తోసుకుని వచ్చేస్తుంది. జుట్టు విరబోసుకుని, చీర ఎగదోపుకుని, మొహం నిండా బొట్టు పెట్టుకుని. పెళ్లికొడుకు తండ్రి నెత్తిన బూందీ పళ్లెం బోర్లిస్తుంది. హాలంతా నవ్వింది. తర్వాత రెండు వైర్లు పట్టుకుని డాక్టరు వచ్చాడు. ఎర్ర లైటు వెలిగి ఆరుతుంటే ఆమె ఎగిరెగిరి పడింది. వెనక నలుగురు ఒక పాత భక్తిపాట వరసలో పేరడీ అందుకున్నారు. పాట అవగానే ఎవరో వన్స్ మోర్ అన్నారు. మళ్లీ వైర్లు పెట్టారు. ఆఖరికి ఈమెకూ ఒక పెళ్లి చేసేస్తే అదే కుదురుతుందని పెద్దలు తేల్చారు, సన్నాయి మోగింది, తెర పడింది.

అక్క లేచి వెళ్లిపోలేదు. చుట్టుపక్కల వాళ్లు నవ్వుతుంటే తనూ నవ్వింది. నవ్వుతూనే కొంగు భుజం మీదుగా ముందుకు తెచ్చి ఒళ్లంతా చుట్టుకుంది. అలా చుట్టుకుందంటే లోపల ఏదో బాగోలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రాత్రి మాత్రల డబ్బా తీసి, ఆదివారం గడి మూత తెరిచి, మాత్ర చేతిలో పట్టుకుని నన్ను అడిగింది: "అప్పుడు నేనూ అట్లనే చేస్తాంటినా?"

లేదన్నాను. నమ్మిందో లేదో తెలియదు. ఈ ఉత్తరం ఆ ప్రశ్న కోసం రాస్తున్నాను.

మా నాన్న పద్యాల మనిషి. నటుడు కాదు, చిన్న బట్టల కొట్టు. కానీ చుట్టుపక్కల ఎక్కడ పౌరాణిక నాటకం ఆడినా ఆయన ముందు వరుసలో ఉండేవారు. పద్యం అక్కకు ఆయన దగ్గరే వచ్చింది. తనకు బైపోలార్, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు అంతులేని దిగులు వచ్చే జబ్బు అని తేలడానికి ముందు ఏడాది, వరసగా నాలుగు రాత్రులు నిద్రపోలేదు. తెల్లవారుజామున మూడింటికి మేడ మీద నిలబడి పద్యాలు పాడింది. ఎంత బాగా పాడిందంటే, ఎదురింటి పెద్దాయన లేచి అరుగు మీద కూర్చుని విన్నాడు. వీధి వీధికంతా పాయసం వండి పంచింది. అప్పు మీద పదకొండు చీరలు తెచ్చి పదకొండు మందికి ఇచ్చేసింది. ఇంత హుషారు మనిషిని చూడలేదని అందరూ మెచ్చుకున్నారు. అది జబ్బని మాకెవరికీ తోచలేదు. ఆ తర్వాత రెండు నెలలకు తల దువ్వుకోవడం కూడా మానేసింది. నేను పళ్లు తోముకోమని బ్రష్షు చేతికిస్తే, దాన్ని పట్టుకుని అరగంట గోడకేసి చూస్తూ నిలబడింది.

మీ నాటికలో ఆ మేడా లేదు, ఈ గోడా లేదు. బూందీ పళ్లెం మాత్రం ఉంది.

పిచ్చివాడి వేషం మన నాటికలకు కొత్త కాదని నాకు తెలుసు. కథ నడవనప్పుడు ఒక పిచ్చివాణ్ణి తెస్తే నవ్వు గ్యారంటీ. మాట్లాడే ఊరిని బట్టి మానసిక ఆసుపత్రి పేరు మారుతుంది: హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, చెన్నైలో కీల్పాక్, ఇక్కడ నిమ్హాన్స్. పేరు వినపడగానే నవ్వాలని మనకు అలవాటు చేశారు. అదే నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా, ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేల్చింది. ఆ లెక్కన నాలుగు వందల మంది పట్టే మీ హాలు నిండితే, అందులో సుమారు నలభై మంది ఉంటారు. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని కూడా ఆ సర్వేలోనే ఉంది. ఎందుకు అందడం లేదు అంటే కారణాలు చాలా. వాటిలో ఒకటి నాకు బాగా తెలుసు. మా బావ అక్క ఆసుపత్రి ఫైలును ఇన్నేళ్లుగా చీరల షాపు కవర్లో పెట్టుకుని తీసుకెళతాడు. బంధువులు అడిగితే బీపీ అంటాడు. ఆయన మంచివాడు. ఒక్క రోజు కూడా అక్కను వదిలి ఉండలేదు. కానీ ఆ జబ్బు పేరు మాత్రం ఆయన నోటి నుంచి నేను ఇప్పటికీ వినలేదు.

నాటిక చూసొచ్చిన వారానికి అక్క కూతురు నాకొక నాటకం పాటలు వినిపించింది. అమెరికాలో బ్రాడ్‌వే మీద 2009లో ఆడిన "నెక్స్ట్ టు నార్మల్". సంగీతం టామ్ కిట్, కథా పాటలూ బ్రయాన్ యార్కీ. అక్కడ నాటకాలకు ఇచ్చే టోనీ అవార్డులు మూడు వచ్చాయి, 2010లో నాటకానికి పులిట్జర్ ఇచ్చారు. నేను దాన్ని రంగస్థలం మీద చూడలేదు. పిల్ల ఒక్కో పాట పెట్టి, ఆపి, సీను చెప్పి, మళ్లీ పెట్టింది. అలా మూడు రాత్రులు విన్నాం.

మామూలు ఇల్లు. పొద్దున్నే హడావిడి. డయానా అనే తల్లి అందరికీ శాండ్‌విచ్‌లు చేస్తూ ఉంటుంది. చేస్తూ చేస్తూ నేల మీద కూడా బ్రెడ్డు ముక్కలు పరిచేస్తుంది. అరుపులు లేవు, జుట్టు విరబోసుకోవడం లేదు. ఆ బ్రెడ్డు ముక్కలు చూసి ఇంట్లోవాళ్లు ఒక్కసారి ఆగిపోతారు. మా అక్క పాయసం గిన్నె గుర్తొచ్చి నేనూ ఆగిపోయాను.

ఆ ఇంట్లో ఒక కొడుకు ఉంటాడు, పద్దెనిమిదేళ్ల వయసువాడు, చలాకీగా ఉంటాడు. కొంతసేపయ్యాక తల్లి కొడుకు పుట్టినరోజని కేకు తెస్తుంది. అప్పుడు తెలుస్తుంది మనకు, ఆ పిల్లవాడు పసికందుగా ఉన్నప్పుడే పోయాడని. ఇన్నాళ్లూ ఆమెకు మాత్రమే కనపడుతున్నాడని.

ఇక్కడ నాకు మన కాటిసీను గుర్తొచ్చింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలో చంద్రమతి, పాము కరిచిన లోహితాస్యుణ్ణి మోసుకుని శ్మశానానికి వస్తుంది. ఆ కడుపుకోతను మన నటులు పాడినంతగా ప్రపంచంలో ఎవరైనా పాడారా అని నాకు అనుమానమే. మా నాన్న ఎన్నిసార్లు చూసినా ఏడ్చేవారు. అయితే ఆ సీను చివర దేవతలు దిగివస్తారు. లోహితాస్యుడు నిద్రలేచినట్టు లేచి కూర్చుంటాడు. మంగళం పాడి ఇంటికి పోతాం. డయానా ఇంట్లో లోహితాస్యుడు లేవడు. లేవకపోగా ఆమె కళ్లముందే ఏటికేడూ పెరుగుతాడు. పాత చొక్కాలు పొట్టివవుతాయి, గొంతు మారుతుంది. భర్త ఆ పిల్లవాడి పేరు ఎత్తడు. ఆ తర్వాత పుట్టిన కూతురు, లేని అన్నతో పోటీ పడుతూ పెరుగుతుంది. శ్మశానం నుంచి ఇంటికొచ్చాక చంద్రమతి ఎలా బతికేది అని మన నాటకం ఎన్నడూ అడగలేదు. ఈ నాటకం రెండు గంటలు అదే అడిగింది.

ఇంకో సంగతి చెప్పాలి, పాటలు కట్టేవారు దయచేసి వినండి. ఆ లేని కొడుకు పాడే పాట ఉందే, అది నాటకంలో అన్నిటికన్నా జోరుగా, ఒంట్లో రక్తం పరుగెత్తేలా ఉంటుంది. జబ్బుకు భయపెట్టే సంగీతం పెట్టలేదు వాళ్లు. ప్రాణం లాగేసే వరస ఇచ్చారు. అది వింటే, ఆమె వాణ్ణి ఎందుకు వదులుకోలేకపోతోందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మందులు వేసుకున్నాక అన్నీ చదునైపోయాయని, ఆ పాత ఎత్తులూ లోతులూ కావాలనిపిస్తోందని ఆమె ఒక పాట పాడుతుంది. అది విని అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మేడ మీద రాత్రులు నాకూ కావాలనిపిస్తాయి. అడిగితే మీరు భయపడతారని చెప్పలేదు" అంది. పద్నాలుగేళ్లలో డాక్టరుకు కూడా చెప్పని మాట అది. ఒక పాట వల్ల బయటికొచ్చింది.

కూతురి పాట దగ్గర మా పిల్లే ఆపేసింది. ఫోను ఒళ్లో పెట్టుకుని, "చిన్నమ్మా, ఇది నేనే" అంది. స్కూలు వార్షికోత్సవంలో దాని డాన్సుకు ఇంటి నుంచి ఒక్కరమూ వెళ్లని ఏడు ఉంది. ఆ రోజు మేమంతా ఆసుపత్రిలో ఉన్నాం. అది ఎవరినీ ఏమీ అనలేదు, కాళ్ల గజ్జెలు విప్పుకుని పక్కింట్లో అన్నం తిని పడుకుంది. మన నాటికల్లో జబ్బు మనిషి ఇంట్లో పిల్లలు ఎక్కడున్నారో ఒకసారి వెతకండి. ఉండరు.

ఆ నాటకంలో అన్నీ నాకు నచ్చాయని కాదు. షాక్ ట్రీట్‌మెంట్ తర్వాత డయానాకు ఏళ్లకేళ్ల జ్ఞాపకం తుడుచుకుపోతుంది. నాటకానికి అది అవసరమేమో గానీ, మామూలుగా అంత జరగదు. మరుపు ఎక్కువగా ఆ చికిత్స జరిగిన రోజులకు, దాని చుట్టుపక్కల కాలానికి సంబంధించి ఉంటుంది. కొందరు అంతకన్నా ఎక్కువ పోయిందని చెబుతారు, వాళ్ల మాటా కొట్టిపారేయకూడదు. మా అక్కకు ఆరుసార్లు ఇచ్చారు. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. మత్తు ఇస్తారు, కండరాలు సడలే మందు ఇస్తారు. ఎగిరెగిరి పడటం ఉండదు. అవి లేకుండా ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. నేను బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను. తను బయటికొచ్చి అడిగిన మొదటి మాట, "కాఫీ తాగొచ్చునా?" అంతే. దానికి ముందు నెలలో జరిగిన మా చిన్నాన్న కూతురి పెళ్లి తనకు గుర్తులేదు. ఫొటోలో తను ఉంది, తలంబ్రాల పళ్లెం పట్టుకుని. అప్పుడప్పుడు ఆ ఫొటో తీసి చూసుకుంటుంది. కానీ ఆ ఆరుసార్ల తర్వాతే తను తిండి తినడం మొదలుపెట్టింది. ఈ రెండూ నిజమే. మీ ఎర్ర లైటులో ఈ రెంటిలో ఒక్కటీ లేదు.

ఆ చివర కూడా నన్ను ఇబ్బంది పెట్టింది. డయానా వైద్యం వదిలి, ఇల్లు వదిలి పుట్టింటికి వెళ్లిపోతుంది. మందులు మానేయడమే స్వేచ్ఛ అని ఎవరైనా అనుకుంటారేమోనని నాకు భయం వేసింది. అక్క ఒకసారి తను వేసుకునే లిథియం మాత్రలు మానేసింది. ఆ ఏడాది గురించి రాయను. అయితే ఆమె వెళ్లిపోయాక భర్త మొదటిసారి ఆ కొడుకును చూస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు. డాక్టరు అతనికి కూడా ఒక డాక్టరును చూపించుకోమని చెబుతాడు. ఇది విన్నప్పుడు మా బావ పక్క గదిలో పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు చాలాసేపు రాలేదు.

అక్కడి నాటకాలన్నీ మంచివేనని కూడా నేను అనను. 2017లో ఆరు టోనీలు తెచ్చుకున్న "డియర్ ఎవాన్ హాన్సెన్"లో ప్రాణం తీసుకున్న కుర్రాడు ఒకడున్నాడు. పోయాక అతని నోట పాడించేదంతా వేరేవాళ్లు ఊహించుకున్నదే. అతనికి అసలు ఏమైందో, ఏం అనుకున్నాడో మనకు సరిగా తెలియనే తెలియదు. పాటలు బాగుండొచ్చు. నాకు మాత్రం ఆ కుర్రాడి తల్లి పక్కన కూర్చుని విన్నట్టు అనిపించింది, గొంతు పట్టేసింది.

ఇవన్నీ అమెరికా సంగతులు, మనకెందుకు అంటారేమో. మనది వేరే కథ, అందుకే మనం రాయాలి. అక్కడ డయానా భర్త ఒక్కడే మోస్తాడు. మన దగ్గర అక్కను వార్డులో చేర్చినప్పుడు నేను తోడుగా ఉన్నాను. మంచం కింద నా చాప, ఫ్లాస్కు, చింతకాయ పచ్చడి సీసా. పక్క మంచం వాళ్లది కోలారు, అటుపక్క వాళ్లది ధర్మపురి. మూడు భాషల్లో ఒకరినొకరం ఒకే మాట అడిగేవాళ్లం, రాత్రి నిద్ర పట్టిందా అని. ఇంటి మనిషిని ఆసుపత్రిలోనే ఉంచుకునే ఈ పద్ధతికి మన దేశంలో పెద్ద చరిత్ర ఉంది. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను వాళ్ల దగ్గరే ఉండనిచ్చారు. ఒక గుడారంలో ఒక తల్లి, ఒక కొడుకు, ఒక లాంతరు. ఇంతకన్నా నాటకానికి ఏం కావాలి? సెట్టింగుకు డబ్బు కూడా అక్కర్లేదు. పాత్రధారులు దొరకరు అంటారా, నేను ఇంతసేపు చెప్పిన నెక్స్ట్ టు నార్మల్ మొత్తానికి ఉన్నది ఆరుగురు నటులే.

విషాదాంతం జనం చూడరని మీలో ఒకరు నాతో అన్నారు. మన భాషలో తొలి విషాదాంత నాటకంగా చెప్పుకునే "విషాద సారంగధర" ఎక్కడ పుట్టింది? మన కర్ణాటకలోనే ఇప్పుడున్న బళ్లారిలో, ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి చేతిలో. నాటకం మంగళంతోనే ముగియాలనే పాత కట్టుబాటును ఆయన అప్పుడే దాటారు. కాటిసీనులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలను నటులు తెచ్చి కలుపుకున్నారు, జనం వాటికోసమే రావడం మొదలుపెట్టారు. కొత్త దుఃఖాన్ని కలుపుకోవడం మన నాటకానికి చేతనవును.

కాబట్టి నేను అడిగేది ఇది. వచ్చే ఉగాది పోటీలకు నాటికలు పంపమని ప్రకటన ఇచ్చేటప్పుడు, మతిస్థిమితం లేని మనిషిని నవ్వులాటకు వాడిన స్క్రిప్టును తీసుకోబోమని ఒక్క వాక్యం చేర్చండి. హాస్యం వద్దనడం లేదు. మా ఇంట్లోనూ మేం నవ్వుకుంటాం, అక్క అందరికన్నా ముందు నవ్విస్తుంది. ఆమె మీద కాకుండా ఆమెతో కలిసి నవ్వే సీను రాయండి. షాక్ సీను పెట్టాలంటే ముందు ఒక సైకియాట్రిస్టుకు చదివి వినిపించండి, ఈ ఊళ్లో తెలుగు వచ్చిన డాక్టర్లకు కొదవ లేదు. పెళ్లి చేస్తే కుదురుతుందనే ముగింపు మాత్రం ఎవరు రాసినా తిప్పి పంపండి. ఆ మాట నమ్మి పెళ్లిళ్లు చేసిన ఇళ్లు, ఆ పెళ్లిళ్లలో నలిగిపోయిన ఆడపిల్లలు, మగపిల్లలు నాకు తెలుసు. కరపత్రం మీద స్పాన్సర్ల పేర్ల కింద మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే టెలిమానస్ నంబరు 14416 వేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు. మైకులో ఒకసారి చదివితే అర నిమిషం పడుతుంది.

నటులకు ఒక మాట. జబ్బు చూపించడానికి జుట్టు విరబోసుకోనక్కర్లేదు. లిథియం వేసుకునేవాళ్లలో కొందరికి చేతులు సన్నగా వణుకుతాయి. మా అక్క కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది. చుట్టాలు వస్తే అసలు కాఫీయే వద్దంటుంది, ఇప్పుడే తాగానని. ఆ అబద్ధం చెప్పేటప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో చూపించగలిగిన నటికి నేను నిలబడి చప్పట్లు కొడతాను.

ఆ నాటిక వేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు కుర్రవాళ్లు, ఆఫీసులు అయ్యాక రాత్రి పదింటి దాకా రిహార్సల్ చేసి ఉంటారు. పిచ్చక్క వేషం వేసిన అమ్మాయి గొంతు చాలా మంచిది. ఆ పేరడీ తీసేసి ఆ అమ్మాయికి ఒక పద్యం ఇచ్చి ఉంటే, గొళ్లెం వేసిన తలుపు లోపలి నుంచి, ఎవరూ కనపడకుండా, చెల్లెలి పెళ్లిచూపులు వింటూ పాడి ఉంటే ఎలా ఉండేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఏ రాగం అని అక్కను అడిగితే, ఆలోచించుకోకుండానే మోహన అంది. ఏడుపు రాగం పెట్టొద్దంట. లోపల ఉన్నామె చెల్లెలి పెళ్లికి సంతోషపడుతుంది కదా అంది.

మీలో ఎవరైనా అలాంటి నాటిక రాస్తే మా ఇంటికి తీసుకురండి. చదివి వినిపించండి, అక్క వింటానంది. ఎక్కడ నిజంగా ఉంది, ఎక్కడ లేదు అని చెబుతానంది. పద్యాలకు వరస కావాలంటే నాన్న హార్మోనియం ఉంది, రెండు మెట్లు పలకవు, మిగతావి బాగానే ఉన్నాయి. ఆదివారాలు నాలుగు గంటల తర్వాత రండి. పొద్దున మాత్రల మత్తు ఉంటుంది, తను లేచేసరికి ఆలస్యమవుతుంది.

ఇట్లు
మీ ప్రేక్షకురాలు,
బెంగళూరు